చాలత్త

మొన్న నయా రాయపూర్‌లో ఒక పెళ్ళి రిసెప్షన్‌కి వెళ్ళాను. పత్రికలో నాతో పనిచేసిన మిత్రుడి కొడుకు పెళ్ళి. పచ్చిక మీద దీపాల వరసలు, ఒక్కో బల్ల వెనక తెల్ల టోపీ పెట్టుకున్న ఒక్కో మనిషి. పళ్ళెం పట్టుకుని వరసలో కదులుతూ దాల్ గిన్నె దగ్గరికి వచ్చాను. అక్కడి మనిషి ఒక గరిటె పోశాడు. "చాలు" అన్నాను. ఉద్యోగమంతా హిందీ పత్రికల్లోనే గడిచింది, వీధిలో మాట్లాడేదీ హిందీయే. అయినా అన్నం ముందు నిలబడితే నా నోటికి తెలుగే వస్తుంది. ఆయన ఇంకో గరిటె పోశాడు. "చాలు, చాలు" అంటూ పళ్ళెం వెనక్కి తీసుకున్నాను. ఆయన నవ్వుతూ, ఎంతో మర్యాదగా, చెయ్యి చాచి మరో గరిటె పోశాడు.

తప్పు ఆయనది కాదు. తెలుగులో చాలు అంటే ఇక వద్దని. హిందీలో చాలూ అంటే ఆపకు, సాగనివ్వు అని. రాయపూర్‌లో పెరిగిన తెలుగువాళ్ళలో ఈ రెండు మాటల మధ్య ఒక్కసారైనా పళ్ళెం పొంగించుకోనివాళ్ళు ఉండరు. దాల్ అంచు దాటి నా బొటనవేలిని తాకింది. వెచ్చగా ఉంది. వరసలోంచి పక్కకి వచ్చి దీపాలకి దూరంగా నిలబడ్డాను. చుట్టూ అంతమంది జనం, అంత వెలుగు. నాకు మాత్రం ఎక్కడో గిన్నె అంచుకి గరిటె తగిలిన చప్పుడు వినిపించింది. అది చాలత్త గరిటె. ఆవిడ పోయి కొంతకాలమైంది.

డబ్ల్యూఆర్ఎస్ రైల్వే కాలనీలో మా క్వార్టరుకి రెండిళ్ళ అవతల ఉండేది ఆవిడ. ఆవిడ భర్తా, మా నాన్నా వ్యాగన్లు బాగుచేసే వర్క్‌షాపులో పనిచేసేవాళ్ళు. మాలాగే వాళ్ళదీ శ్రీకాకుళం వైపే. చుట్టరికం ఏమీ లేదు, నేను అత్తా అని పిలిచేవాణ్ణి. పొట్టి మనిషి. కొంగు బిగించి నడుములో దోపుకుంటే ఆ రోజు ఆ ఇంట్లో ఎవరో భోజనానికి వస్తున్నారని వీధికి తెలిసిపోయేది. గరిటె ముంచి తీసిన ప్రతిసారీ దాని వీపుని గిన్నె అంచుకి ఒకసారి రాసేది. టంగుమని చిన్న చప్పుడు వచ్చేది. ఒక్క చుక్క కూడా కింద పడేది కాదు.

ఆ గరిటె వాళ్ళమ్మ ఇచ్చినది. కాడ పొడవు, గుంట లోతు తక్కువ. కొంచెం తీసినా నిండుగా, అంచుల దాకా కనిపించేది. పెద్ద గరిటెతో సగం తీసి పోస్తే చూసేవాడికి సగమే కనిపిస్తుందనీ, చిన్న గరిటె నిండా తీసి పోస్తే నిండు కనిపిస్తుందనీ ఆవిడ నమ్మకం. ఆ ఇంటికి చేతినిండా డబ్బు ఎప్పుడూ ఉండేది కాదు. కానీ బారసాల అయినా, పుట్టినరోజు అయినా, ఊరినుంచి ఎవరైనా దిగినా ఆ గుమ్మంలో చెప్పుల కుప్ప ఉండేది. పెరటి గోడ మీద గుమ్మడి తీగ పాకేది. గుమ్మడికాయ దప్పళం లేకుండా ఆవిడ ఎవరినీ పంపేది కాదు. తీగ మీద కాయ ఉన్నప్పుడే చుట్టాలకి కబురు పెడుతుందని మా అమ్మ ఆవిడ ఎదురుగానే వేళాకోళం ఆడేది. ఆవిడ కాదనేది కాదు.

చలికాలం మొదలయ్యాక ఒకరోజు గుడ్డసంచీ పట్టుకుని బస్సెక్కి మందిర్ హసౌద్ వైపు వెళ్ళేది. అక్కడ ఒక బియ్యం మిల్లులో సువాసన బియ్యపు నూకలు అమ్మేవాళ్ళు. ఆ బియ్యం మా కాలనీ వాళ్ళు కొనగలిగేది కాదు. విరిగితే మాత్రం ధర పడిపోయేది. వాసన మాత్రం విరిగేది కాదు. భోజనాల రోజు అతిథులు రావడానికి కాస్త ముందు ఆ నూకలు గుప్పెడు తీసి వెనక గుమ్మం దగ్గర చిన్న గిన్నెలో వేసి ఉడకబెట్టేది. వీధి మలుపు తిరుగుతూనే ఆ వాసన ఎదురొచ్చేది. సైకిలు తొక్కుతూ వస్తున్నవాడు కూడా అక్కడికి రాగానే నెమ్మదించేవాడు. లోపల పెద్ద డేగిసాలో ఉడికేది రేషన్ బియ్యమే. అది ఎవరికీ గుర్తుండేది కాదు.

ఎందుకిలా అని ఒకసారి అడిగాను. ఆవిడ ఏమీ దాచుకోకుండా చెప్పింది. "ముందు ముక్కుకి పెట్టీయాల బాబూ. ముక్కు తిన్నాక నోరు గొడవ సెయ్యదు."

ఆవిడ వడ్డన గురించి ఇంకో సంగతి చెప్పాలి. పెట్టమంటారా అని ఆవిడ ఎవరినీ అడిగేది కాదు. అడిగితే మొహమాటస్తులు వద్దంటారు, గట్టివాళ్ళు పెట్టించుకుంటారు, గిన్నె గట్టివాళ్ళకే అయిపోతుంది అనేది. బంతి సాగుతున్నంతసేపూ గుమ్మం దగ్గర నిలబడి ఆకుల వంక కాకుండా ముఖాల వంక చూసేది. ఏ వరసలో అయినా మొహమాటస్తుడు ఒకడు ఉంటాడు. ఆవిడ వెతికేది వాణ్ణి. కళ్ళతో సైగ చేస్తే వడ్డించే పిల్ల వెళ్ళి వాడి ఆకులో మారు వడ్డించేది. వాడు తలెత్తేలోగా పిల్ల ముందుకి వెళ్ళిపోయేది. అందరికంటే పెద్ద మొహమాటస్తుడు ఆవిడ ఇంట్లోనే ఉండేవాడు. భర్త ఏ ఇంట్లో భోజనానికి కూర్చున్నా పెట్టింది తిని లేచేవాడు. సొంత ఇంట్లో కూడా ఇంకొంచెం వెయ్యి అని ఆయన అనగా తాను వినలేదని ఆవిడ చెప్పేది. అది ఆవిడకి కొంచెం బాధ, కొంచెం గర్వం.

గిన్నె సగానికి దిగిందంటే ఆవిడ ఒక మాట అనేది. ఇంట్లో ఎవరితోనో అన్నట్టు, తలుపు గొళ్ళెం సర్దుతూనో, కొంగు సవరించుకుంటూనో, "చాలు" అనేది. వీధిలోని తెలుగు ఆడపిల్లలు అందరూ ఆవిడ దగ్గర వడ్డన నేర్చుకున్నవాళ్ళే. ఆ మాట వినగానే వాళ్ళ గరిటెలు తేలికయ్యేవి. ఆకు ముందు కూర్చున్నవాడికి ఏమీ తెలిసేది కాదు. నాకు తెలిసి ఎన్నో ఏళ్ళు ఆ మాట ఆ ఇంటి పరువుని అలా కాపాడుతూ వచ్చింది.

ఛత్తీస్‌గఢ్ కొత్త రాష్ట్రమైన తర్వాతి రోజులవి. ఒక చలికాలం నెలాఖరున ఆయన రిటైరయ్యాడు. వర్క్‌షాపులో ఒక ఆనవాయితీ ఉంది. ఆఖరి రోజు పని ముగిశాక తోటివాళ్ళు మనిషి మెడనిండా బంతిపూల దండలు వేసి, ఢోల్ కొట్టించుకుంటూ ఇంటిదాకా తీసుకొచ్చి అప్పగిస్తారు. వచ్చినవాళ్ళకి ఇంటివాళ్ళు భోజనం పెడతారు. కొందరు టీ, సమోసాలతో సరిపెట్టేవాళ్ళు. ఆవిడ దానికి ఒప్పుకోలేదు. ఆయన అందరి ఇళ్ళలో ఆ భోజనం తిన్నాడు. తిరిగి పెట్టే రోజు మనిషికి ఒక్కటే వస్తుంది. ఎవరూ సగం కడుపుతో వెళ్ళకూడదు. ఆఖరి బంతిలో ఆయన తన గ్యాంగు వాళ్ళతో, అంటే తనతో పనిచేసిన జట్టుతో, కూర్చుని కడుపునిండా తినాలి. అప్పుసప్పు లేకుండా ఇదంతా జరగాలి. వారం ముందునుంచీ ఆవిడ అనుకున్నది ఇదే. మా అమ్మతో పదే పదే చెప్పినది కూడా ఇదే.

ఆయన పిలిచినది తన గ్యాంగునీ, పక్క సెక్షన్‌లో కొందరినీ. సాయంత్రం మేము వీధి చివర నిలబడి చూస్తున్నాం. ఇళ్ళ ముందు సిగిడీలు, అంటే బొగ్గుల కుంపట్లు, అంటించి ఉన్నాయి. పొగ పైకి పోకుండా మోకాళ్ళ ఎత్తున వీధంతా పరుచుకుని ఉంది. దూరాన ఢోల్ చప్పుడు వినిపించింది. తర్వాత పొగలోంచి పసుపు రంగు దండలు, దండల మధ్య సిగ్గుపడుతున్న ఆయన ముఖం కనిపించాయి. ఆయన వెనక జనం మలుపు తిరుగుతున్నారు. తిరుగుతూనే ఉన్నారు. వరస తెగలేదు. ఎప్పుడూ ఎవరినీ ఏమీ అడగని మనిషిని సాగనంపడానికి పిలవని సెక్షన్లు కూడా వచ్చేశాయి.

అత్త గుమ్మంలో నిలబడి కాసేపు చూసింది. "ఓలమ్మ, వర్క్‌షాప్ గేటు మూసీసి వొచ్చీసినట్టున్నారు" అని మాత్రం అంది. లోపలికి వెళ్ళి దప్పళంలో ఇన్ని నీళ్ళు, ఇంత చింతపండు పులుసు పోసింది. వెనక గుమ్మం దగ్గర నూకల గిన్నె కింద మంట పెంచింది.

మొదటి బంతి బాగానే లేచింది. రెండో బంతికి వడ్డించే చేతులు చాలలేదు. అప్పుడు పక్క క్వార్టరు భౌజీ ముందుకొచ్చింది. ఛత్తీస్‌గఢీ మనిషి, మహా బలమైన చేతులు, అంతకంటే పెద్ద మనసు. వీధిలో అందరికీ వదిన వరసే కనక అందరం భౌజీ అనేవాళ్ళం. "ఫికర్ ఝన్ కర్ దీదీ" అని అత్తకి ధైర్యం చెప్పి, అన్నం గంప చంకన పెట్టుకుని, తన కోడలి చేతికి దప్పళం బకెట్టు ఇచ్చి వరసలోకి దిగింది.

బంతి మధ్యలో అత్త గుమ్మం దగ్గరికి వచ్చి, గొళ్ళెం సర్దుతున్నట్టు నటిస్తూ, "చాలు" అంది.

భౌజీ తలెత్తి చూసింది. ముఖం వెలిగింది. ముందున్న ఆకులో ఇంకో హస్తం అన్నం వేసింది. అత్త మళ్ళీ కాస్త గట్టిగా అంది. భౌజీ రెండేసి హస్తాలు వేయడం మొదలుపెట్టింది. దప్పళం బకెట్టు కూడా ఆవిడ వెనకే ఉరికింది. అత్త గొంతు పెరిగేకొద్దీ వీళ్ళ చేతులు జోరందుకున్నాయి. ఆకు మీద రెండు చేతులూ అడ్డం పెట్టినవాళ్ళని కూడా భౌజీ వదల్లేదు. వాళ్ళ చేతులు పక్కకి నెట్టి మరీ పెట్టింది. తెలుగు ఆడపిల్లలు గరిటెలు పట్టుకుని ఎక్కడివాళ్ళు అక్కడ ఆగిపోయి చూస్తున్నారు. ఇంత పెద్ద మనసున్న ఇల్లు ఈ కాలనీలో లేదని బంతిలో ఎవరో అన్నారు. అత్త మెట్లు దిగి వరస దాటి భౌజీ చెయ్యి పట్టుకునేసరికి గంప అడుగు కనిపిస్తోంది.

లోపలికి తీసుకెళ్ళి సంగతి చెబితే భౌజీ నిర్ఘాంతపోయింది. "తుమ్హీ తో బోలే దీదీ, చాలూ చాలూ" అంది, నువ్వే కదా అన్నావని. కళ్ళనిండా నీళ్ళు. అత్త ఆవిడ ముఖంలోకి చూసింది. తర్వాత వంటింటి గడప మీద కూలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. భుజాలు కదిలిపోయేలా నవ్వింది. మా అమ్మకి భయం వేసి మంచినీళ్ళు తెచ్చింది.

బయట ఆఖరి బంతి కూర్చుంటోంది. ఆయన మధ్యలో, అటూ ఇటూ గ్యాంగువాళ్ళు. ముందు ఖాళీ విస్తళ్ళు. వడ్డన రాకపోవడం చూసి ఆయనకి సంగతి అర్థమైనట్టుంది. ఆకు మీద అరచెయ్యి బోర్లించి, "మాకు చాల్లే. అక్కడే టీ, సమోసా అయ్యాయి" అన్నాడు. నిజానికి వాళ్ళలో సమోసా తిన్నవాళ్ళు ఎవరూ లేరు. కానీ ఆయన పక్కన కూర్చున్న బిలాస్‌పూర్ మనిషి తన ఆకు మీదా చెయ్యి పెట్టి, రాని తెలుగులో "చాలు" అన్నాడు. ఆ పక్కవాడూ అన్నాడు. ఆ వరసంతా అరచేతులు, ఒకే మాట. వాళ్ళు అది తెలుగులోనే అన్నారని అందరికీ తెలుస్తూనే ఉంది.

అత్త గుమ్మంలోకి వచ్చింది. ఆవిడకి కోపం రావడం నేను చూసినది అదొక్కసారే. "పెట్టకముందే సాలంటే ఎలాగండీ? కూకోండి. ఎవరూ లెగకండి" అంది. ఎవరూ లేవలేదు.

వంటింట్లో మిగిలినది ఆ సంచీలోని నూకలు, దప్పళం అడుగున చిక్కటి పులుసు, రెండు గుమ్మడి ముక్కలు. ఆవిడ ఆ దప్పళం డేగిసాలోనే నీళ్ళు పోసి మరిగించి, సంచీ ఎత్తి నూకలన్నీ కుమ్మరించింది. ఎప్పుడూ గుప్పెడు మించి తియ్యని సంచీ అది. చలికాలమంతటి వాసన అందులో ఉంది. నూకలు బియ్యంకంటే తొందరగా ఉడుకుతాయి, అయినా ఆ కాస్తసేపూ వేచి ఉండాలి.

అలా ఎదురుచూడడం నాకు ఇప్పటికీ కలలా గుర్తుంది. వాసన ముందు వంటింటి కిటికీలోంచి వచ్చింది. తర్వాత సిగిడీల పొగలో కలిసి వీధంతా పాకింది. తిని వెళ్ళిపోబోతున్నవాళ్ళు సైకిళ్ళు పట్టుకుని నిలబడిపోయారు. ఢోల్ వాయించేవాడు ఢోల్‌ని సిగిడీ పక్కకి వాల్చి తోలు కాచుకుంటూ, వేళ్ళ చివర్లతో మాత్రం మెల్లగా తడుతున్నాడు. ఖాళీ విస్తళ్ళ ముందు కూర్చున్నవాళ్ళు వంటింటి వైపు ముఖాలు తిప్పారు. ఒకాయన కళ్ళు మూసుకున్నాడు. మా ఊరి పొలం గట్టు మీద ఉన్నానేమో అనుకున్నానని ఆయన తర్వాత చెప్పాడు. దండల మధ్య అత్త భర్త, తల కొంచెం వంచి, పెళ్ళిపీటల మీద కూర్చున్నవాడిలా ఉన్నాడు. ఉద్యోగం అయిపోయిన మనిషిలా లేడు. ఆ సాయంత్రం ఎంతసేపు అలా గడిచిందో నాకు తెలియదు. కొంచెంసేపే అయి ఉండాలి.

డేగిసాని భౌజీ మోసింది. గరిటె అత్త పట్టుకుంది. మొదటి ఆకు దగ్గర ఆగి, వీధికంతా వినబడేలా, హిందీవాళ్ళు అన్నట్టే సాగదీసి, "చాలూ!" అంది అత్త. భౌజీ కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. గరిటె దిగింది, గిన్నె అంచుకి తగిలింది, టంగుమంది. ఆకు ఆకుకీ పొగలు కక్కే నూకన్నం, అందులో పులుసు ఎరుపు.

గ్యాంగువాళ్ళు తిన్నారు. మారు అడిగి తిన్నారు. ఆవిడ ఆయన దగ్గరికి మళ్ళీ వచ్చేసరికి ఆయన ఆకు ఖాళీగా, తుడిచినట్టు ఉంది. అలవాటు ప్రకారం, "చాలు" అన్నాడు.

గరిటె గాలిలో ఆగింది.

"ఏ బాసలో?" అంది అత్త.

బంతంతా ఆయన వంక చూసింది. ఆయన ఆకు వంక చూశాడు, గరిటె వంక చూశాడు. పెళ్ళయిన నాటినుంచీ ఆవిడ వినాలనుకున్న మాట ఆయన అప్పుడు, అంతమందిలో, గొంతు సవరించుకుని అన్నాడు.

"హిందీలో."

ఆ నవ్వులకి ఢోల్ కూడా తోడైంది. ఆ రాత్రి నుంచి ఆవిడ కాలనీకి చాలత్త అయింది. హిందీ పిల్లలు చాలూ ఆంటీ అన్నారు. హిందీలో ఆ మాటకి టక్కరి అనే అర్థం కూడా ఉందని ఎవరో చెబితే ఆవిడ ఏమీ నొచ్చుకోలేదు. "ఉన్నమాటేగదేటి" అంది. గొళ్ళెం దగ్గర నిలబడి ఆ మాట అనడం మాత్రం మానేసింది. దాని బదులు, ఎవరు చాలన్నా గరిటె ఆపి, ఏ బాసలో అని అడిగేది. మొహమాటస్తులకి అది ఎంత మేలు చేసిందో చెప్పలేను. ఇంకొంచెం కావాలని అడగలేని మనుషులు "హిందీలో" అని మాత్రం అనగలిగేవాళ్ళు.

క్వార్టరు ఖాళీ చేశాక వాళ్ళు దగ్గరలోనే చిన్న ఇంట్లో అద్దెకున్నారు. ఆయన పోయాక ఆవిడ రాయపూర్‌లోనే కూతురి దగ్గర ఉండేది. ఒంట్లో బాగోలేదని తెలిసి చూడ్డానికి వెళ్ళాను. మనిషి ఇంకా చిన్నదైపోయింది. నన్ను చూసి, తిన్నావా అని అడిగింది, మిగతా సంగతులు తర్వాత. కూతురు నూకల జావ కాచి తెచ్చింది. గదిలో ఆ వాసన లేచింది, మందిర్ హసౌద్ మిల్లు వాసన, సిగిడీల పొగ వాసన. కిటికీలోంచి వస్తున్న మధ్యాహ్నపు ఎండలో ఆవిడ కళ్ళు మూసుకుని అదంతా మెల్లగా లోపలికి పీల్చుకుంది. నోటికి కాకుండా ముక్కుకే తినిపించుకుంటున్నట్టుంది. రెండు చెంచాలు తాగి చెయ్యి కొంచెం ఎత్తింది.

"చాలు."

కూతురు నా వంక చూసింది. ఇంకొంచెం తాగించమని ఆ చూపు. నేను కుర్చీ దగ్గరికి జరిపాను. నవ్వుతుందనే అడిగాను, "ఏ బాసలో అత్తా?"

ఆవిడ నవ్వింది. గిన్నె వంక చూసింది, కూతురి వంక చూసింది. తొందరేమీ లేనట్టు ఆలోచించింది.

"తెలుగులోనే బాబూ" అంది.

కూతురు చెంచాని గిన్నె అంచుకి ఒకసారి రాసి, గిన్నెలోనే పెట్టేసింది.